కొమ్ము మీద రంగు: పూయడం కాదు, గీతలో నింపడం

సంపాదకులకు నమస్కారం.

రిటైరైన జవాన్లకూ నావికులకూ ఇచ్చే జ్ఞాపికల్లో మందు కొమ్ములు కూడా కనబడుతున్నాయి. గాజు పలకలు, రెసిన్ బొమ్మలు చూసి మొహం మొత్తినవాళ్లు చేతిపని కావాలంటున్నారు. సంతోషమే. కానీ అమ్మకానికి వచ్చేవాటిలో నల్ల కొమ్ము మీద ఎనామిల్ పెయింటుతో జెండా, ఓడ వేసి, పైన మందంగా వార్నిష్ కొట్టినవి చాలా ఉంటున్నాయి. విశాఖ గాలికి రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ రంగు పెచ్చులు లేస్తుంది. కొమ్ము మన గోరులాంటి పదార్థం. తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకు మళ్లీ బిగుస్తుంది. పైన ఉన్న ఎనామిల్ పొర దానితో పాటు కదలదు, అందుకే ఊడుతుంది. కొమ్ముకు రంగు పూయకూడదు. గీత కోసి, అందులో నింపాలి. మీ పాఠకుల్లో సైనిక కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక ఈ పని ఎలా చేయాలో, ఎక్కడ చెడుతుందో కాస్త వివరంగా రాస్తున్నాం.

మందు కొమ్ము అనగానే మిలిటరీ క్యాంటీన్ గుర్తొచ్చి నవ్వేవాళ్లుంటారు. ఇక్కడ మందంటే తుపాకిమందు. తూటా, మందు విడివిడిగా దట్టించే రోజుల్లో పొడి తడవకుండా మోసుకెళ్లడానికి పశువు కొమ్మును వాడేవారు. నీళ్లు దిగవు, రాసుకున్నా నిప్పురవ్వ లేవదు, బరువుండదు. 1754–63 మధ్య ఉత్తర అమెరికాలో జరిగిన యుద్ధంలోనూ, 1775లో మొదలైన అక్కడి స్వాతంత్ర్య యుద్ధంలోనూ సైనికులు తమ కొమ్ముల మీద పేరు, తేదీ, కాపలా కాసిన కోట, దాటిన నదుల పటం చెక్కుకున్నారు. గీతల్లో ఎక్కువగా మసి, కొన్నిటిలో ఎరుపు, ఆకుపచ్చ నింపారు. రెండు వందల యాభై ఏళ్లు దాటినా ఆ అక్షరాలు చదవగలుగుతున్నామంటే రంగు గీత లోపల ఉండటమే కారణం.

ఈ విద్య మన ఊరికి పరాయిదేమీ కాదు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పెట్టెలు, బీరువాలు, కుర్చీలు సముద్రాలు దాటి వెళ్లాయి. వాటి దంతపు పలకల మీద లతలూ పువ్వులూ గీసి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. తర్వాతి కాలంలో ఇక్కడి పెట్టెల్లో గేదె కొమ్ము, ముళ్లపంది ముళ్లు కూడా పొదిగారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ పని ఇప్పటికీ చూడొచ్చు. అటువంటి ఊళ్లో కొమ్ము మీద బ్రష్షుతో ఎనామిల్ వేయడం చూస్తే బాధేస్తుంది.

ఇక పనిలోకి వద్దాం. ముందుగా కొమ్ము ఎంపిక. దంతం, దుప్పి కొమ్ము, కృష్ణజింక కొమ్ము ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ఏజెన్సీ వైపు ఎవరైనా పెద్ద నల్ల కొమ్ము చవకగా ఇస్తామంటే అది అడవిదున్నది కావచ్చు, అదీ నిషిద్ధమే. గేదె కొమ్ము చాలు, కొన్నదానికి రసీదు ఉంచుకోండి. ముర్రా జాతి కొమ్ము చుట్ట చుట్టుకుని ఉంటుంది కనుక బొమ్మకు చదునైన చోటు దొరకదు. కొడవలిలా సాగిన నాటు గేదె కొమ్ము మేలు. ఎద్దు కొమ్ముల్లో లేత రంగువి దొరికితే వాటి మీద నల్ల గీత బాగా కనిపిస్తుంది. శ్రీకాకుళం సరిహద్దు దాటగానే ఉన్న పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలు, రొయ్యలు చేసే పనివారున్నారు. శుభ్రం చేసిన కొమ్ము ఎలా ఉండాలో వాళ్ల పని చూస్తే తెలుస్తుంది.

పచ్చి కొమ్ము తెచ్చుకుంటే లోపలి ఎముకను తీసేయాలి. నీళ్లలో అరగంట మరిగించి, కట్టె మీద కొడితే ఊడి వస్తుంది. రాకపోతే ఇంకో పావుగంట. అంతకు మించి గంటల తరబడి ఉడికిస్తే కొమ్ము పొరలుగా విడిపోతుంది. లోపల మిగిలిన చర్మం, కొవ్వు అంతా గీకి, సబ్బు నీళ్లతో కడిగి, రెండు వారాలు నీడలో ఆరబెట్టాలి. ఈ గీకుడు పని వాసనకు భయపడి చాలామంది సగంలో వదిలేస్తారు. ఆ మిగిలిన కొవ్వే తర్వాత రంగును పట్టనివ్వదు. తోళ్లనూ కొమ్ములనూ తినే చిన్న పురుగులు కూడా దానికే చేరతాయి.

కొన వైపు కొమ్ము గట్టిగా, మొదలు వైపు బోలుగా ఉంటుంది. బోలు ఎంతవరకు ఉందో తెలియాలంటే మెత్తని తీగను లోపలికి ఆగేదాకా తోసి, అదే పొడవు బయట గుర్తు పెట్టుకోండి. కొనను హ్యాక్సాతో కోసి, ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో నెమ్మదిగా, తర్వాత 6 మిల్లీమీటర్ల బిట్‌తో బోలును చేరేదాకా తొలవాలి. కొమ్ము వంగి ఉంటుంది కాబట్టి బిట్ తిన్నగా పోయి పక్కకు తేలే ప్రమాదం ఉంది. గుర్తుకు ఒక అంగుళం ముందే ఆగి, ఎటు పోతోందో తీగతో చూసుకోండి. కాలిన వెంట్రుకల వాసన వస్తే బిట్ వేడెక్కిందన్నమాట, ఆగాలి. కోసి తీసిన కొన ముక్కను పారేయొద్దు. రంగుల పరీక్ష అంతా దాని మీదే.

మొదలు నోరు గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఉంటుంది. మరిగే నీళ్లలో నోటి వైపు రెండు అంగుళాలు పది పదిహేను నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. వెంటనే కోసుగా తరిగిన కర్ర దిమ్మను లోపలికి దిగ్గొట్టి, పూర్తిగా చల్లారేదాకా తీయకుండా ఉంచాలి. మూతకు ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర బాగుంటుంది: మెత్తన, తేలిక, లేత్ మీద చక్కగా తిరుగుతుంది, లక్క పడుతుంది. కొన బిరడా కూడా దానితోనే చేయించుకోవచ్చు. మూతను చుట్టూ ఆరు సన్నని వెదురు మేకులతో బిగించి, సందులో తేనెమైనం కరిగించి పోయండి. ఇనుప మేకులు వద్దు, సముద్రపు గాలికి తుప్పు కారి కొమ్ము మీద గోధుమ చార పడుతుంది. ఇది అలంకారపు వస్తువు మాత్రమే. లోపల నిజమైన మందు పోయడం చట్టరీత్యా నేరం, ఇంట్లో ప్రమాదం.

ఉపరితలం సిద్ధం చేయడంలో తొందరపడితే మిగతా పని అంతా వృథా. ఆకురాయితో ఎత్తుపల్లాలు తీసి, గాజు పెంకు అంచుతో గీకి, ఆ తర్వాత గరుకు కాగితం 120, 220, 400, 600, 1000 నంబర్ల వరుసలో, నీళ్లు తడుపుతూ రుద్దాలి. ఒక నంబరు దాటేస్తే దాని గీతలు మిగిలిపోతాయి. వాటిలోకీ రంగు దిగి, లేత కొమ్మయితే మురికి పట్టినట్టు, నల్లదైతే బూజు పట్టినట్టు కనిపిస్తుంది. పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. అద్దంలా మెరిశాక తేనెమైనం పలచగా పట్టించి గుడ్డతో తుడవండి. ఇది కొమ్ము రంధ్రాలను మూస్తుంది. గీతను ఈ మైనం మీదుగా కోస్తారు కనుక రంగు గీతలోనే పడుతుంది, పక్కన పడింది గుడ్డకు వచ్చేస్తుంది.

బొమ్మను కాగితం మీద గీసి కొమ్ముకు చుట్టేటప్పుడు అందరూ ఒకే తప్పు చేస్తారు. కొమ్ము స్తంభం కాదు, ఒక కొసకు సన్నబడుతుంది. దీర్ఘచతురస్రపు కాగితం చుడితే అక్షరాల వరుస ఒక పక్కకు జారుతుంది. ముందు ఉత్త కాగితం చుట్టి, అంచులు కత్తిరించి విప్పి చూడండి, విసనకర్ర ఆకారం వస్తుంది. ఆ ఆకారంలోనే రాసుకోవాలి. లేత కొమ్ముకు మామూలు కార్బన్ కాగితం, నల్లదానికి దర్జీలు వాడే తెల్ల కార్బన్ సరిపోతాయి.

కోతకు కంసాలులు నగిషీకి వాడే సన్నని చీరణం (చిన్న ఉలి) గానీ, పిడికి బిగించిన కుట్టుమిషన్ సూది గానీ చాలు. లోతు పావు మిల్లీమీటరు ఉండాలి. అంతకు తక్కువైతే తుడిచినప్పుడు రంగు బయటికి వచ్చేస్తుంది, బాగా ఎక్కువైతే మొదలు దగ్గర గోడ పలచన కాబట్టి చీలుతుంది. కొమ్ముకు పొడవునా నార ఉంటుంది. నార వెంట గీస్తే సూది జారి గీత దాటి పోతుంది, అడ్డంగా గీస్తే అంచు చిట్లుతుంది. అడ్డగీతలు ఒకే పట్టున కాక మూడు నాలుగు తేలిక పోట్లుగా తీయాలి.

ఇక్కడ తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కు వేరు. ఇంగ్లిష్ పెద్దక్షరాలు తిన్నని గీతలు. మనవన్నీ వంపులే, ప్రతి వంపూ ఒకసారి నార వెంట, ఒకసారి నారకు అడ్డంగా పోతుంది. అక్షరం ఎత్తు 6 మిల్లీమీటర్లకు తగ్గితే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా రంగులో కలిసిపోతుంది. ‘వి’ కాస్తా ‘వీ’ అవుతుంది. సున్నా మధ్య మిగిలే దీవి 1.5 మిల్లీమీటర్లకన్నా చిన్నదైతే ఊడిపడుతుంది. ఒత్తుల కోసం వరుసల మధ్య అక్షరమంత ఖాళీ వదలాలి. కంప్యూటర్ నుంచి తీసిన అలంకార లిపి కాగితం మీద ముద్దొస్తుంది గానీ కొమ్ము మీద పనికిరాదు. బడిలో పలక మీద రాసినలాంటి గుండ్రటి, బక్క అక్షరం ఎంచుకోండి.

రంగుల విషయంలో మా మాట కొందరికి నచ్చకపోవచ్చు. పసుపు, జాఫ్రా గింజల వంటి మొక్కల రంగులు ఏటికొప్పాక బొమ్మ మీద ముచ్చటగా ఉంటాయి, పిల్లలు నోట్లో పెట్టుకునేవాటికి అవే ఉండాలి. కానీ ఇరవై ఏళ్లు గోడకు వేలాడే జ్ఞాపికకు అవి వద్దు, వెలుతురుకు వెలిసిపోతాయి. ఎరుపుకు జేగురు (ఎర్రమట్టి), పసుపుపచ్చకు పచ్చమట్టి, నలుపుకు దీపపు మసి నిలుస్తాయి. పాత రంగుపొడుల్లో ఎర్రని ఇంగిలీకంలో పాదరసం, సిందూరంలో సీసం, పసుపుపచ్చని హరిదళంలో పాషాణం (ఆర్సెనిక్) ఉన్నాయి, అన్నీ విషాలే. పాత పుస్తకాల్లో ఉన్నాయి కదా అని వేలితో రుద్దవద్దు. ఇంత తంటా ఎందుకనుకుంటే ఆర్టిస్టులు వాడే ఆయిల్ కలర్ ట్యూబులు కొనండి. స్కెచ్ పెన్ సిరా, బట్టల రంగు మాత్రం కొమ్ము నారలోకి పాకి గీత చుట్టూ నీడలా కమ్ముతాయి. ఒకసారి కమ్మితే మళ్లీ 220 నుంచి రుద్దుకోవలసిందే.

నల్ల కొమ్మయితే ఇంకో సంగతి. పలచటి రంగులేవీ దాని మీద కనబడవు. నౌకాదళమని ముదురు నీలం నింపితే అది నలుపులో నలుపు. ప్రతి రంగులోనూ కొద్దిగా తెలుపు కలిపి ముద్దగా చేసుకోవాలి. కొన ముక్క మీద నింపి, ఆరాక, చేయి చాచినంత దూరం నుంచి చూసి నిర్ణయించండి. ఈ పొరపాటు పెద్దవాళ్లకూ జరిగింది. 2001లో నౌకాదళ పతాకం మీద ఎర్ర శిలువ తీసేసి నీలి చిహ్నం పెట్టారు. దూరం నుంచి ఆ నీలం ఆకాశంలో, సముద్రంలో కలిసిపోతోందని 2004లో ఎర్ర శిలువను తిరిగి తెచ్చారు.

నింపే తీరు ఇది. ఒక రంగుకు సంబంధించిన గీతలన్నీ కోసి, ఆ రంగును వేలితో గీతకు అడ్డంగా రుద్ది దిగేలా నొక్కాలి. పది పదిహేను నిమిషాలాగి, విజిటింగ్ కార్డుకు బిగుతుగా చుట్టిన పాత ధోవతి గుడ్డతో గీతకు అడ్డంగా తుడవాలి. గీత వెంట తుడిస్తే గుడ్డ లోపలికి దిగి రంగును లాగేస్తుంది. విశాఖ తేమలో ఆయిల్ కలర్ ఆరడానికి వారం పడుతుంది. ఆరాక రంగు కుంగి సన్నని పల్లం మిగిలితే మళ్లీ నింపాలి. నిండని గీతే తర్వాతి రంగును తాగుతుంది, ఎరుపులో తెలుపు చేరి గులాబీ అయ్యేది అక్కడే. పూర్తిగా నిండి గట్టిపడ్డాక మైనం రాసి, అప్పుడు రెండో రంగు గీతలు కోయాలి. లేత కొమ్ము మీద లేత రంగులు ముందు, నలుపు చివర. నల్ల కొమ్ము మీద రంగులు ముందు, తెలుపు చివర. హెయిర్ డ్రయ్యర్ పెట్టి త్వరపెడితే రంగు పైన తొక్క కట్టి లోపల పచ్చిగా ఉంటుంది, కొమ్ము కూడా వంకర తిరుగుతుంది.

లక్క నింపాలనుకునేవాళ్లకు ఒక్క మాట. లేత్ మీద తిరిగే కర్రకు రాపిడి వేడితోనే లక్క కరిగి పడుతుంది. వంపు కొమ్మును లేత్‌కు ఎక్కించలేం. వేడి చేసిన పనిముట్టుతో చుక్కచుక్కగా గీతలోకి కరిగించి, చల్లారాక మిగులును గీకేయాలి. మంటను కొమ్ముకు చూపించవద్దు. ఫలితం అద్భుతంగా ఉంటుంది గానీ మొదటి కొమ్ము మీద ప్రయత్నించే పని కాదు.

ఏం చెక్కాలన్నదానిలోనూ తప్పులు దొర్లుతున్నాయి. త్రివర్ణ పతాకం వేయాలని అందరికీ ఉంటుంది. అశోక చక్రానికి 24 ఆకులు. 3 మిల్లీమీటర్ల చక్రంలో అంచు దగ్గరే ఆకుకీ ఆకుకీ మధ్య 0.4 మిల్లీమీటర్ల దూరం కూడా రాదు, లోపల నీలి ముద్ద అవుతుంది. చక్రం కనీసం 9 మిల్లీమీటర్లుండాలి, అంటే జెండా 30 మిల్లీమీటర్ల ఎత్తు, 45 వెడల్పు. అంత చోటు మొదలు దగ్గర తప్ప దొరకదు. జెండా మీద పేరు గానీ అక్షరాలు గానీ రాయకూడదు. నాలుగు సింహాల చిహ్నం 2005 చట్టం పరిధిలోకి వస్తుంది, అనుమతి లేకుండా అమ్మకపు వస్తువు మీద వేయొద్దు. నౌకాదళ పతాకమైతే సర్వీసు కాలానికి తగినది వేయండి. 1971లో పనిచేసినవారిది ఎర్ర శిలువతో, మూలన త్రివర్ణంతో ఉన్నది. 2022 సెప్టెంబరు 2న వచ్చిన, అష్టభుజి చిహ్నం ఉన్న పతాకాన్ని వారి కొమ్ము మీద వేస్తే ఆ పెద్దాయన మర్యాదకు ఏమీ అనకపోవచ్చు గానీ గుర్తుపడతాడు.

మా దృష్టిలో జెండా కంటే పతకం రిబ్బను మేలు. తిన్నని పట్టీలు, రెండు మూడు రంగులు, కొమ్ము చుట్టూ ఉంగరంలా వస్తాయి. పరమవీర చక్రకు ఊదా రంగు ఒక్కటే. మహావీర చక్రకు సగం తెలుపు, సగం కాషాయం. వీర చక్రకు ముదురు నీలం, కాషాయం. అశోక చక్రకు ఆకుపచ్చ మధ్యలో ఒక కాషాయ గీత, కీర్తి చక్రకు రెండు, శౌర్య చక్రకు మూడు. సర్వీసు పతకాలకు మనిషి దగ్గరున్న అసలు రిబ్బనునే పక్కన పెట్టుకుని రంగు కలపాలి. ఫోన్‌లో ఫొటో చూసి కలిపితే కాషాయం ఎప్పుడూ ఎరుపుకు తిరుగుతుంది. రాని పతకం వేయించుకోవద్దని వేరే చెప్పక్కర్లేదు.

ఓడ బొమ్మకు కొలత తప్పకూడదు. బీచ్ రోడ్డులో ఉన్న జలాంతర్గామి ఐఎన్‌ఎస్ కుర్సుర పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5. వెయ్యో వంతుకు తగ్గిస్తే 91 మిల్లీమీటర్ల బొమ్మ, కొమ్ము పొడవుకు సరిగ్గా అమరుతుంది. అయితే దాని పక్కన ‘ఘాజీని ముంచినది’ అని రాయించవద్దు. పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్‌ఎస్ ఘాజీ 1971 డిసెంబరు 3–4 రాత్రి విశాఖ తీరం దగ్గర మునిగింది, కుర్సుర ఆ యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. డిసెంబరు 4 నేవీ డే కూడా ఘాజీ మునకకు కాదు, కరాచీ మీద దాడికి గుర్తు. తీరం పటం గీయాలనుకుంటే డాల్ఫిన్స్ నోస్ కొండ అంచు కొమ్ము వంపుతో పాటే వస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. నౌకాస్థావరం లోపలి జెట్టీలు, భవనాలు మాత్రం వద్దు.

చివరి పూతకు తేనెమైనమే. కొబ్బరి నూనె మెరుపునిస్తుంది గానీ ఆరదు, జిడ్డుగా మిగిలిపోతుంది. లక్క పాలిష్ మా దగ్గరి తేమకు పాలవిరుగుడులా తెల్లబారుతుంది. ఎండ తగిలే కిటికీ దగ్గర, ఏసీ గాలికి ఎదురుగా వేలాడదీయకండి. ఏడాదికి రెండుసార్లు దించి చూడండి. కింద సన్నని పొడి రాలి ఉంటే పురుగు పట్టినట్టే.

ఇప్పటికే ఎనామిల్ వేసిన కొమ్ము ఇంట్లో ఉంటే పారేయనక్కర్లేదు. పెచ్చులను వేడి తగలకుండా గాజు పెంకుతో గీకి, 220 నుంచి మళ్లీ రుద్దుకుంటూ వస్తే కింది కొమ్ము చెక్కుచెదరకుండా దొరుకుతుంది. పెయింటు తీసే రసాయనాల్లో నానబెడితే మాత్రం కొమ్ము గరుకెక్కుతుంది.

కొమ్ము ఆరడానికి రెండు వారాలు, మెరుగుకూ కోతకూ రెండు వారాలు, మూడు రంగులకు మూడు వారాలు, మళ్లీ నింపుడుకు ఒకటి, మైనానికి నాలుగు రోజులు. డిసెంబరు 4కు చేతికి అందాలంటే సెప్టెంబరు చివరి వారంలోనే కొమ్ము కొనండి.

ఇట్లు,
కొమ్ముపని, నగిషీపని తెలిసిన కొందరం,
విశాఖపట్నం.